గాలి పీల్చు... ఆపు!

సింగరేణి బొగ్గుబాయిలో పనిచేసే మనిషి తప్పనిసరిగా తీయించుకోవలసిన ఫోటోలు రెండున్నాయి. ఒకటి గుర్తింపు కార్డుకు కావలసిన ముఖం ఫోటో. రెండోది ఛాతీ ఫోటో. మొదటిది ఎంత అందవికారంగా వచ్చినా ఎవరూ పట్టించుకోరు. రెండోది ఎలా వస్తుందోనని ఇంటిల్లిపాదీ దిగులు పడతారు. అందులో మనిషి అందం కనబడదు, ఆయుష్షు కనబడుతుందని మావాళ్ల నమ్మకం.

నేను ఈ కాలేజీలో ఫిజిక్సు చదువుకుని వెళ్లినవాణ్ణి. సావనీరుకు ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడుగుతూ, "సైన్సే రాయండి సార్, కాని ఫార్ములాలు వద్దు" అన్నారు. ఫార్ములాలు లేని సైన్సు అంటే నాకు వెంటనే తట్టింది ఎక్స్‌రే గదే. అక్కడ పనిచేసేవాడికీ, అక్కడికి వచ్చేవాడికీ ఫార్ములాతో పనిలేదు. కాని ఆ ఫార్ములా మాత్రం ఇద్దరినీ వదిలిపెట్టదు.

మాది గోలేటి. 2016 అక్టోబరు దాకా ఆదిలాబాద్ జిల్లా, ఆ తర్వాత కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా, రెబ్బెన మండలం. సింగరేణి వారి బెల్లంపల్లి ఏరియా ఆఫీసు మా ఊళ్లోనే ఉంది. పేరు బెల్లంపల్లిది, కుర్చీ గోలేటిది అని మావాళ్లు నవ్వుకుంటారు. మా బాపు ఇంక్లైన్‌లో కోల్ ఫిల్లర్. తట్ట, చెమ్మస్ పట్టి టబ్బులు నింపిన తరం ఆయనది. షిఫ్టు దిగి ఇంటికొచ్చి స్నానం చేసినా కంటిరెప్పల అంచున కాటుక పెట్టినట్టు నల్లగీత మిగిలేది. చిన్నప్పుడు నాన్నలందరికీ కాటుక ఉంటుందనే అనుకున్నాను. లోపలికి పోయిన బొగ్గు సంగతి అప్పుడు నాకు తెలియదు.

గనుల చట్టం 1952లో వచ్చింది. దాని కింద వచ్చిన నియమాలు, బాయి పనిలో చేరేముందు ఒకసారి, ఆ తర్వాత అయిదేళ్లకోసారి కార్మికుడికి వైద్య పరీక్ష జరగాలని పెట్టాయి. అందులో ముఖ్యమైనది ఛాతీ ఎక్స్‌రే. కాగితాల మీద దాని పేరు పీ.ఎం.ఈ. మా క్వార్టర్లలో మాత్రం "ఫోటువకు పోవుడు" అంటే చాలు.

ఆ పోవుడు చుట్టూ ఎన్ని కథలు! మా వరసలో ఉండే ఒక కాక ప్రతిసారీ ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకోజూసేవాడు. ఎందుకు కాకా అని అడిగితే, "రెండు తీర్ల భయం బిడ్డా. ఒకటి, ఆ మిషను మీదబడ్డంక రక్తం ఇంకిపోతదంటరు. రెండోది, డాక్టరు ఏం రాస్తడో" అన్నాడు. ఆ రెండు భయాల్లో మొదటిది ఫిజిక్సుకు సంబంధించింది, రెండోది బతుకుకు సంబంధించింది. అన్‌ఫిట్ అనే మాటకు మా దగ్గర అర్థం ఒక్కటి కాదు. కొడుకుకు వారసత్వ ఉద్యోగం దొరుకుతుందని ఆశపడే ఇంట్లో అదొక కోరిక. ఇంకా ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు మిగిలిన ఇంట్లో అదొక పిడుగు. పధ్నాలుగు అంగుళాల వెడల్పు, పదిహేడు అంగుళాల పొడవున్న ఒక ఫిల్ము ముక్క మీద ఇంత బరువు మోపితే, ఆ ముక్కను ఎంత జాగ్రత్తగా తీయాలో ఆలోచించండి.

ముందు మొదటి భయం సంగతి చూద్దాం.

1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనుక్కున్నాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. సరిగ్గా ఆరేళ్ల తర్వాత, 1895 నవంబరు 8న, జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ అనే ప్రొఫెసరు చీకటి గదిలో ఒక గాజు గొట్టానికి కరెంటు పెట్టి, దూరంగా ఉన్న పూత అట్ట మెరవడం చూశాడు. పేరు తెలియని కిరణం కాబట్టి ఎక్స్ అన్నాడు. భార్య చెయ్యి అడ్డం పెట్టి ఫోటో తీశాడు. ఎముకలు, ఉంగరం కనబడ్డాయి. 1901లో ఫిజిక్సుకు ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే దక్కింది.

ఇంతవరకూ మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆ తర్వాతి కథ అంతగా చెప్పరు. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ అనే సహాయకుడు రోజూ తన చేతినే కిరణాలకు అడ్డుపెట్టి యంత్రాన్ని పరీక్షించేవాడు. చేతులకు పుండ్లు పడ్డాయి, క్యాన్సరయింది, చేతులు తీసేశారు, 1904లో చనిపోయాడు. అటుతర్వాత ఎడిసన్ ఎక్స్‌రేల జోలికి పోలేదు. అలా ప్రాణాలిచ్చిన డాక్టర్ల, టెక్నీషియన్ల పేర్లతో 1936లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఒక స్మారక స్తంభం నిలబెట్టారు. గమనించవలసింది ఏమిటంటే, ఆ పేర్లు రోగులవి కావు, ఆ గదిలో రోజూ నిలబడి పనిచేసినవాళ్లవి. ఎక్స్‌రే అపాయం ఎప్పుడో ఒకసారి వచ్చిపోయేవాడికంటే అక్కడే పనిచేసేవాడికి ఎక్కువని ఆ రాయి చెబుతోంది.

మరి మా కాక భయం సంగతేమిటి? లెక్క చూద్దాం. ఒంటికి తగిలిన రేడియేషన్‌ను మిల్లీసీవర్టులలో కొలుస్తారు. నేల నుంచి, ఆకాశం నుంచి, పీల్చే గాలి నుంచి మనమందరం ఏడాదికి సగటున సుమారు 2.4 మిల్లీసీవర్టులు పుచ్చుకుంటూనే ఉన్నాం. ఇది ప్రపంచ సగటు. సరిగ్గా తీసిన ఒక ఛాతీ ఎక్స్‌రేతో వచ్చేది సుమారు 0.02. అంటే మూడు రోజుల ప్రకృతి వాటా. ముప్ఫై అయిదేళ్ల సర్వీసులో చేరేటప్పుడు ఒకటి, అయిదేళ్లకోటి చొప్పున ఏడు, మొత్తం ఎనిమిది ఫోటోలు అనుకున్నా 0.16. ఊరికే ఇంట్లో కూర్చున్నవాడికి నెల రోజుల్లో వచ్చేదానికంటే తక్కువే. ఇదంతా కాకకు చెప్పాను. ఆయన సావధానంగా విని, "గట్లనా! అయితే ఆ మూడు దినాలు నేను ఇంట్లనే వుంట తియ్" అన్నాడు. సైన్సును జనంలోకి తీసుకుపోవడం ఎంత కష్టమో ఆనాడు తెలిసింది.

నవ్వు పక్కన పెడితే, ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. 'సరిగ్గా తీసిన' అన్నాను. అక్కడే ఉంది అసలు విద్య.

మా బాపుకు నలభై ఏడేళ్లప్పుడు దగ్గు పట్టుకుంది. మెట్లెక్కితే దమ్ము వచ్చేది. పట్నంలో ఒక ప్రైవేటు ఎక్స్‌రే గదిలో ఫోటో తీయించాం. దాన్ని పట్టుకుని కిటికీ వెలుతురులో చూసిన ఒకాయన, "ఊపిరితిత్తులంతా దుమ్మే. ఇంకేముంది" అనేశాడు. ఆ రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. బాపు మాత్రం, "దుమ్ము తినకుంటే మీకు బువ్వ యాడికెల్లి వస్తుండె" అని ఒక్కమాట అని పడుకున్నాడు.

వారం తర్వాత పెద్దాసుపత్రిలో ఛాతీ డాక్టరుగారు ఆ ఫిల్మును వెలుతురు పెట్టె మీద పెట్టి, ముందు ఊపిరితిత్తుల్ని చూడలేదు. పక్కటెముకలు లెక్కపెట్టారు. "ఎనిమిదే కనబడుతున్నాయి. ఈయన గాలి పీల్చనే లేదు. ఇది పనికిరాదు, మళ్లీ తీయాలి" అన్నారు.

ఆ ముక్క నాకు క్లాసులో విన్న ఏ ఉపన్యాసం కన్నా బాగా గుర్తుంది. ఎక్స్‌రే అంటే నీడ. ఎముక కిరణాలను ఆపుతుంది, ఫిల్ము మీద తెల్లగా పడుతుంది. గాలి ఆపదు, నల్లగా పడుతుంది. గాలి నిండిన ఊపిరితిత్తి నల్లగా ఉండాలి. అందులో బొగ్గుదుమ్ము చేరి, దాని చుట్టూ కండ గట్టిపడితే అక్కడక్కడ తెల్లని చుక్కలు కనిపిస్తాయి. నల్లబొగ్గు ఫోటోలో తెల్లచుక్కగా మారడం ఒక వింత. అయితే మనిషి గాలి సగమే పీల్చితే ఊపిరితిత్తి ముడుచుకుని, రక్తనాళాలన్నీ దగ్గరికొచ్చి, ఆరోగ్యవంతుడి ఛాతీ కూడా మసకగా, దుమ్ము పట్టినట్టే కనబడుతుంది. నిండా పీల్చినవాడికి వెనక పక్కటెముకలు సుమారు పది, ఉదరవితానం పైన లెక్కకు వస్తాయి.

కాబట్టి ఛాతీ ఎక్స్‌రే తీసే పద్ధతి ఒక పూజావిధానం లాంటిది. ఏ మెట్టూ వదలకూడదు. మనిషి ఛాతీని ఫిల్ము పెట్టెకు ఆనించి నిలబడాలి. కిరణాలు వీపువైపు నుంచి రావాలి. అప్పుడు గుండె ఫిల్ముకు దగ్గరగా ఉండి దాని నీడ పెద్దది కాదు. గొట్టం ఆరడుగుల దూరంలో ఉండాలి. దీపాన్ని దూరం జరిపితే గోడమీద నీడ స్పష్టమవుతుంది కదా, అదే సూత్రం. చేతులు నడుముకు పెట్టి భుజాలు ముందుకు తిప్పాలి. లేకపోతే రెక్క ఎముకలు ఊపిరితిత్తుల మీద పడతాయి. ఒంటి పక్కకు తిరగకూడదు. మెడలో తాయెత్తు, దండ తీసేయాలి. కిరణాల వెలుగు ఛాతీ మేరకే పడేలా కిటికీ మూయాలి. చివరగా ఆ మంత్రం: "గాలి పీల్చు... ఆపు!" ఆ ఆపడంలో క్షణంలో వందో వంతు రెండో వంతులో పని అయిపోతుంది.

కిరణాల మోతాదూ అంతే ముఖ్యం. తక్కువైతే ఫిల్ము తెల్లబారి లేని దుమ్ము ఉన్నట్టు కనబడుతుంది. ఎక్కువైతే నల్లబడి ఉన్న దుమ్ము మాయమవుతుంది. ఒకే మనిషి, ఒకే రోజు, మీట తిప్పినదాన్ని బట్టి రోగి కావచ్చు, కాకపోవచ్చు. ఇది ఒక కుటుంబం అన్నం మెతుకులతో సంబంధమున్న మాట.

బాపుకు రెండోసారి ఫోటో తీశారు. అక్కడి టెక్నీషియన్ పెద్దమనిషి తొందరపడలేదు. "పెద్దయ్యా, ముందు ఊరికే ఒకసారి పీల్చి చూపించు" అని రెండుసార్లు అభ్యాసం చేయించి, మూడోసారి తీశాడు. డాక్టరుగారు ఆ కొత్త ఫిల్మును ప్రమాణ చిత్రాల పక్కన పెట్టి చూశారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ వారు ఇందుకోసం ఒక వర్గీకరణ తయారుచేశారు. సున్నా నుంచి మూడు దాకా నాలుగు తరగతులు, మొత్తం పన్నెండు మెట్లు. చివరకు ఆయన కాగితం మీద ఒకటి, పక్కన గీత, పక్కన సున్నా వేశారు. ఏమిటని అడిగితే, "ఒకటో తరగతి అనుకుంటున్నాను. కాని సున్నా కూడా కావచ్చునేమోనని గట్టిగా ఆలోచించాను. ఆ సంగతి కూడా రాయాలి" అన్నారు. తనకున్న అనుమానాన్ని కూడా నిజాయితీగా నమోదు చేసే ఇలాంటి అంకెలు మన పరీక్షల మార్కుల్లో లేవు!

దుమ్ము ఉంది, కాని చెప్పినంత లేదు. ఈ జబ్బుకు మందు లేదు. దుమ్ముకు దూరంగా జరగడం ఒక్కటే దారి. బాపు ఆ తర్వాత పైపనికి మారాడు. ఇప్పటికీ ఎండాకాలం దమ్ము తీస్తుంది, కాని మనవళ్లను సైకిలెక్కించి తిప్పుతున్నాడు. మొదటి ఫిల్ము మాత్రం అనవసరపు ఖర్చు, అనవసరపు కిరణం, అనవసరపు ఏడుపు. రేడియేషన్ సేఫ్టీలో మొదటి సూత్రం సీసపు గోడ కాదని నాకప్పుడు అర్థమయింది. మొదటిసారే సరిగ్గా తీయడమే మొదటి సూత్రం. రెండోసారి తీసిన ప్రతి ఫోటో రోగి మీద వేసిన జరిమానా.

ఇక ఆ గదిలో రోజంతా ఉండేవాడి సంగతి. గొట్టంలో టంగ్‌స్టన్ మీద ఎలక్ట్రాన్లు కొట్టుకుంటాయి. ఆ శక్తిలో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు వేడి అయిపోతుంది, ఒక్క పాలే ఎక్స్‌రే అవుతుంది. స్విచ్చి తీస్తే అదీ ఉండదు. దీపం ఆర్పిన గదిలో వెలుతురు మిగలనట్టే, గదిలో ఏ కిరణమూ దాక్కుని ఉండదు. "ఆ రూముల కూసుంటనే దోషం" అనేవాళ్లకు ఇది చెప్పాలి. కాని స్విచ్చి నొక్కిన క్షణంలో రోగి ఒళ్లే ఇంకో దీపమవుతుంది. ఒంటికి తగిలిన కిరణాలు చెదిరి నలువైపులకూ పోతాయి. టెక్నీషియన్‌కు తగిలేది ముఖ్యంగా ఇదే. దీనికి మందులు మూడు: తక్కువ సేపు, ఎక్కువ దూరం, మధ్యలో అడ్డు. మీటరు దూరంలో ఉన్నవాడు రెండు మీటర్లకు జరిగితే నాలుగో వంతు, మూడు మీటర్లకు జరిగితే తొమ్మిదో వంతు. ఫార్ములా వద్దన్నారు కనుక ఇంతటితో ఆపుతాను. రెండడుగులు వెనక్కి వేయడానికి ఏ ప్రభుత్వ గ్రాంటూ అక్కర్లేదు.

మన దేశంలో దీనికి చట్టం ఉంది. 1983 నవంబరు 15న అణుశక్తి నియంత్రణ మండలి ఏర్పడింది. ఎక్స్‌రే యంత్రం పెట్టాలంటే వారి అనుమతి కావాలి. కిరణాలతో పనిచేసేవాడికి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. సాధారణ ప్రజలకు ఏడాదికి ఒకటి. రోగికి మాత్రం హద్దు అంకె లేదు. అవసరమా కాదా అన్నదే అతని హద్దు. పనివాడి లెక్క తెలియడానికి ఛాతీమీద ఒక బ్యాడ్జి పెట్టుకోవాలి. అందులో కాల్షియం సల్ఫేటు బిళ్లలు మూడుంటాయి. అవి తగిలిన రేడియేషన్‌ను గుర్తుపెట్టుకుని, వేడిచేస్తే వెలుతురు రూపంలో ఒప్పజెబుతాయి. మన సాక్షులకన్నా నమ్మకమైన సాక్షి.

కాని ఆ సాక్షిని ఎక్కడ కూర్చోబెడుతున్నాం? నేను చూసిన ఒక గదిలో బ్యాడ్జి టేబుల్ సొరుగులో ఉంది. ఎందుకు తమ్ముడూ అంటే, "పోతె మల్ల పైసలు కట్టాలె సార్" అన్నాడు. మూడు నెలలకోసారి రిపోర్టు వస్తుంది, సున్నా అని. ఆ సున్నా సొరుగుది, తమ్ముడిది కాదు. ఇంకోచోట బ్యాడ్జిని ఏప్రన్‌తో పాటు గదిలోనే మేకుకు తగిలించి వెళ్తున్నారు. దానికి వచ్చే డోసు గోడది. సీసపు ఏప్రన్‌ను మడతపెట్టి కుర్చీ మీద పడేస్తారు. మడత దగ్గర సీసపు పొర పగులుతుంది. పైకి బట్ట బాగానే ఉంటుంది, లోపల చిల్లులు. దాన్ని హ్యాంగరుకు తగిలించాలి. బ్యాడ్జి ఏప్రన్ లోపల పెట్టుకోవాలి.

అదే గదిలో మరొక సంగతి. మూడేళ్ల పిల్లవాడు మంచం మీంచి పడి చెయ్యి విరిగింది. ఫోటోకు కదలకుండా పట్టుకోమని తల్లిని లోపలికి పిలిచారు. ఆమె కొంగు సవరించుకుంటుంటే నాకు అనుమానమొచ్చి, "అక్కా, ఏమనుకోకు. ఒట్టి మనిషివేనా?" అని అడిగాను. సిగ్గుపడి, మూడో నెల అంది. అడగనందుకు ఆ కుర్రవాణ్ణి తిట్టబుద్ధి కాలేదు. బయట ఇరవైమంది క్యూలో ఉన్నారు, లోపల అతనొక్కడే. పిల్లవాడి మేనమామ బయట బీడీ తాగుతుంటే పిలిచి, ఏప్రన్ తొడిగి, చెయ్యి కిరణాల దారిలో పెట్టకుండా పట్టుకోమన్నాం. అరనిమిషంలో పని అయింది. ఒక్క ప్రశ్న, ఒక్క మేనమామ. ఇంతకు మించి సేఫ్టీ లేదు.

కాలంతో పాటు ఫిల్ములు పోయి కంప్యూటర్లు వచ్చాయి. ఎర్రదీపం గది, డెవలపర్ వాసన, క్లిప్పులకు ఆరేసిన ఫిల్ములు చాలాచోట్ల జ్ఞాపకాలయ్యాయి. దీనితోపాటు అంతగా తెలియని ఒక ప్రమాదం కూడా వచ్చింది. ఫిల్ము రోజుల్లో మోతాదు ఎక్కువైతే ఫోటో నల్లబడి తప్పు బయటపడేది. కంప్యూటరు ఆ తప్పును తానే సర్దేస్తుంది. పైపెచ్చు మోతాదు ఎక్కువైన కొద్దీ బొమ్మ ఇంకా నున్నగా వస్తుంది. అందరూ బాగుందంటారు. రోగి ఒంటికి పడింది మాత్రం ఎవరికీ కనబడదు. తెర మూల ఒక అంకె చెబుతుంది. దాన్ని చూసే అలవాటు ఉండాలి. అలాగే రోగి పొత్తికడుపు మీద సీసపు ముక్క వేసే పాత ఆచారాన్ని మామూలుగా పాటించనక్కర్లేదని 2019లో అమెరికా వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం చెప్పింది. ఆ ముక్క కొన్నిసార్లు అడ్డుపడి యంత్రం చేత మోతాదు పెంచిస్తుంది. శాస్త్రం తన ఆచారాలను తానే మార్చుకుంటుంది. మనమే కొన్నిటిని పట్టుకు వేలాడతాం.

మరో మాట. ఛాతీ ఎక్స్‌రేకు భయపడే మనవాళ్లే, "సీటీ రాయండి డాక్టర్ సాబ్, అందులో అన్నీ పడతాయి" అని అడిగి మరీ రాయించుకుంటారు. ఛాతీ సీటీ స్కానుతో వచ్చేది సుమారు అయిదు నుంచి ఏడు మిల్లీసీవర్టులు. అంటే రెండున్నర వందల నుంచి మూడున్నర వందల ఛాతీ ఫోటోలు. అవసరమైతే ప్రాణం పోస్తుంది, తప్పక తీయించుకోవాలి. సరదాకు తీయించుకునేది మాత్రం కాదు. భయపడవలసినచోట ధైర్యం, ధైర్యంగా ఉండవలసినచోట భయం — ఇది మన వరస.

మిత్రులారా! మీలో కొందరు డాక్టర్లవుతారు, కొందరు లెక్చరర్లవుతారు, చాలామంది ఏదో ఒక ఆఫీసులో సర్దుకుంటారు. ఎవరైనా ఒకనాడు ఇంట్లోవాళ్లను వెంటపెట్టుకుని ఆ గది ముందు నిలబడక తప్పదు. ఆనాడు నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ ఫోటో ఇప్పుడు అవసరమేనా? ఇదివరకు తీసింది ఉందా? లోపలికి వెళ్లే ఆడమనిషి గర్భవతా? తలుపు మూశారా? ఇవి అడిగితే ఎవరూ కోప్పడరు, కోప్పడినా నష్టం లేదు. పాత ఫిల్ములు పారేయకండి. అయిదేళ్ల కిందటి ఫోటో పక్కన పెట్టి చూస్తేనే డాక్టరుకు దుమ్ము ఎంత నడిచిందో తెలుస్తుంది. మా అవ్వ బాపు ఫిల్ములన్నీ ట్రంకుపెట్టె అడుగున పట్టుచీర పక్కన పెట్టింది. ఆమెకు చదువు రాదు, కాని రికార్డు విలువ తెలుసు.

ఇక ఫిజిక్సు విద్యార్థులకు ఒక విన్నపం. మీరు సెలవులకు ఊళ్లకు వెళ్లినప్పుడు, దగ్గర్లోని ఎక్స్‌రే గదిలో పనిచేసే తమ్ముడితో పది నిమిషాలు కూర్చోండి. తప్పులు పట్టడానికి కాదు. మనం పుస్తకంలో చదివి మార్కులు తెచ్చుకున్న ఆ దూరం సూత్రం అతనికి ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. చెప్పండి. సొరుగులోంచి బ్యాడ్జి తీసి చొక్కాకు పెట్టించండి. ఒక్కడు పెట్టుకున్నా మన ఫిజిక్సు ఫీజు కిట్టినట్టే.